ముందు పడ్డాడా, ముందు ఫిట్స్ వచ్చాయా

మా రిత్విక్‌కి సిరప్పు ఎప్పుడెప్పుడు వేశామో రాసుకోవడానికి కొన్న నోటుబుక్కు ఇది. ముందు పేజీల్లో తేదీలు, టైములు ఉన్నాయి. వెనక పేజీల నుంచి నేను ఇది రాస్తున్నాను. వాడు పక్కనే పడుకున్నాడు. మామూలు నిద్రేనని తెలుసు. అయినా రెండు వాక్యాలు రాసి ఒకసారి వాడి చేతుల వైపు చూస్తున్నాను.

మూడు నెలలుగా మందు పనిచేస్తోంది. ఫిట్స్ మళ్ళీ రాలేదు. డాక్టర్లు ఇక భయపడొద్దంటున్నారు. నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం వేరే ఉంది. ఆసుపత్రిలో నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. ఒకదానికి అబద్ధం చెప్పాను. రెండో దానికి సగం నిజం చెప్పి ఊరుకున్నాను. ఆ రెండింటి మధ్యలో మా బాబు చనిపోవలసింది.

మాది కారంపూడి. మా ఆయన లారీ డ్రైవరు. మాచర్ల వైపు నుంచి నాపరాళ్ళ లోడు ఎత్తుకుని వెళితే వారం పది రోజులకు గాని ఇంటికి రాడు. ఇంట్లో ఉండేది నేను, మా అత్త, రెండున్నరేళ్ళ రిత్విక్. నేను నరసరావుపేటలో బీఎస్సీ చదివాను. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే చదువులేని వాళ్ళ ఇంట్లో ఇలాంటివి మామూలే అని ఎవరూ అనుకోకూడదు. జరిగిన తప్పు చదువుకున్న మనిషిది.

జూలైలో వాడికి రెండు రోజులు జ్వరం వచ్చింది. మధ్యాహ్నం మంచం మీద పడుకోబెట్టి తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తున్నాను. ఉన్నట్టుండి కళ్ళు తేలేశాడు. చేతులు బిగుసుకున్నాయి. తర్వాత ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. మా అత్త పెట్టిన కేకకు పక్కింటి రమణక్క, ఎదురింటి బాబాయి పరుగెత్తుకొచ్చారు.

"తాళాలు! తాళాలగుత్తి చేతిలో పెట్టండి, బిగించి పట్టుకోవాల!" అన్నాడు బాబాయి.

"ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు కాడ పెట్టండే!" అంది రమణక్క.

"నోట్లో చెంచా దూర్చండి, నాలిక కరుచుకుంటాడు!" మళ్ళీ బాబాయే.

నేను అరిచాను. "ఎవరూ ముట్టుకోబాకండి. పక్కకి జరగండి." వాణ్ణి ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాను. మొలతాడు వదులు చేశాను. మూతి పక్కన కారుతున్న చొంగ తుడిచి గోడ గడియారం వైపు చూశాను. రెండు నిమిషాలు కాకముందే ఆగిపోయింది. వాడు గట్టిగా ఊపిరి తీసి నిద్రలోకి జారాడు.

మా అత్త తాళాలగుత్తి పట్టుకుని అలాగే నిలబడి ఉంది. బాబును వదిలేసి నన్నే చూస్తోంది.

"నీకెట్టా తెలుసే ఇదంతా?"

"చదువుకున్నాం గదత్తా. బుక్కులో ఉంటది."

బుక్కులో కాదు. నాకు ఎనిమిదేళ్ళ వయసులో ఫిట్స్ మొదలయ్యాయి. గురజాల దగ్గర మా పుట్టింటి ఊళ్ళో, బళ్ళో ప్రార్థన జరుగుతుండగా మొదటిసారి పడిపోయాను. మా నాన్న నన్ను గుంటూరు తీసుకెళ్ళి చూపించాడు. పదహారేళ్ళు వచ్చేదాకా మాత్రలు మింగాను. ఆ తర్వాత డాక్టరే ఆపించాడు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. నాకు వచ్చినప్పుడు ఏం జరిగేదో నాకు తెలియదు. కానీ పక్కకు తిప్పాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైము చూడాలి అని మా నాన్న మా అమ్మకు, చెల్లికి పదే పదే చెబుతుంటే వింటూ పెరిగాను.

పెళ్ళిచూపులకు ముందు రోజు మా అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "తగ్గిపోయిందిగా. లేని జబ్బు ఉందని ఎందుకు చాటుకోవటం? నోరు జారావంటే నా మీదొట్టు," అంది. నాకూ అది న్యాయంగానే అనిపించింది. తగ్గిపోయింది కదా.

బాబుకు ఫిట్స్ వచ్చిన మర్నాడు వాణ్ణి నరసరావుపేటలో పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వరండా నిండా కుర్చీలు, కుర్చీల నిండా తల్లులు. డాక్టరు దగ్గరకు పంపేముందు ఒక నర్సు బల్ల దగ్గర కూర్చుని వివరాలు రాసుకుంటుంది. అక్కడ మనం చెప్పేది వరండా అంతా వింటుంది. మా వెనక ఒకావిడ టిఫిన్ తినడం ఆపి మరీ వింటోంది.

"ఏంది కంప్లెయింటు?" అంది నర్సు.

"జరమమ్మా," అంది మా అత్త.

"జ్వరానికి కారంపూడి నుంచి ఇంత దూరం వచ్చారా?"

"ఫిట్స్ వచ్చాయండీ," అన్నాను నేను.

మా అత్త బల్ల మీదకు వంగి గొంతు తగ్గించింది. "ఆ మాట కాయితం మీద రాయబాకమ్మా. మగపిల్లోడు. రేపు ఈడికి పిల్లనెవరిస్తారు?"

"పెళ్ళి ఎప్పుడు పెద్దమ్మా, వచ్చే మాఘంలోనా?"

వరండా అంతా నవ్వింది. మా అత్తా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులో ఉండగానే నర్సు తల ఎత్తకుండా అడిగింది. "ఇంట్లో ఎవరికన్నా ఫిట్స్ ఉన్నయ్యా? అమ్మకి, నాన్నకి, మేనమామలకి?"

"మా వైపు ఏడు తరాల్లో ఎవరికీ లేవు. కావాలంటే పేర్లు చెబుతా, రాసుకో," అంది మా అత్త. తర్వాత నా వైపు తిరిగింది. "మీ వైపు?"

"లేవత్తా," అన్నాను.

నర్సు ఆ వరసలో చిన్న అడ్డగీత గీసింది. వడ్లగింజంత గీత. నేను దాన్ని చూశాను. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది.

పెద్ద డాక్టరుగారు బాబును నెమ్మదిగా పరీక్ష చేశారు. జ్వరం ఎక్కువైతే కొంతమంది చిన్నపిల్లలకు ఇలా వస్తుందని, చాలామందికి పెద్దయ్యాక పోతుందని ధైర్యం చెప్పారు. లేచి వస్తుంటే ఇంకో మాట అన్నారు. "జ్వరం లేకుండా వచ్చినా, మెలకువలోనే చూస్తూ చూస్తూ ఆగిపోయినట్టు అనిపించినా ఆలస్యం చెయ్యకండి. తీసుకురండి."

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"అడిగారా?"

"అడిగారు."

"ఏం చెప్పావు?"

"లేవన్నా."

"నా తల్లే," అంది. ఆ గొంతులో ఉన్న నిశ్చింత నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆగస్టులో ఒక పొద్దున వాడు ఇడ్లీ ముక్కను నోటి దాకా తెచ్చుకుని ఆగిపోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. నేను మనసులో ఐదు లెక్కపెట్టేసరికి ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. మా చెల్లి నా గురించి ఒక మాట అనేది: "నువ్వు మాట్లాడతా మాట్లాడతా ఎటో పోయేదానివక్కా. మేం గమ్మునుంటే నువ్వే తిరిగొచ్చేదానివి."

ఆ నెలలో అలా నాలుగుసార్లు చూశాను. ప్రతిసారీ ఐదు లోపే తిరిగి వచ్చాడు. ఒకసారి మా అత్త కూడా చూసింది. "ఏందిరా బుడ్డోడా, కలెక్టరుకు మల్లే అంత ఆలోచన?" అని బుగ్గ గిల్లింది. నేను నోరు విప్పలేదు.

డాక్టరు చెప్పింది నేను మర్చిపోలేదు. కానీ తీసుకెళితే మళ్ళీ ఆ వరండా, ఆ బల్ల, ఆ ప్రశ్న. మళ్ళీ మా అత్త నా వైపు తిరిగి "మీ వైపు?" అనడం. ఈ వారం కాదు, వచ్చే వారం వెళదాం అనుకుంటూ నెల గడిపాను. వాడు ఆగిపోయినప్పుడల్లా లెక్కపెట్టడం మాత్రం అలవాటైంది. ఐదు దాటనంత కాలం ఏమీ కాదని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. అది ఏ డాక్టరూ చెప్పిన నియమం కాదు.

సెప్టెంబరులో ఒక ఉదయం. వాడికి జ్వరం లేదు, జలుబు కూడా లేదు. మా పెరట్లో నీళ్ళు నిలవ చేసుకునే సిమెంటు గాబు ఉంది. దాని అంచు వాడి బొడ్డు దాకా వస్తుంది. వాడు చెంబుతో నీళ్ళు ముంచి పక్కనున్న బంతిమొక్కకు పోస్తున్నాడు. మా అత్త రెండడుగుల దూరంలో వాడి వైపు వీపు పెట్టి అంట్లు తోముతోంది. నేను వంటింటి కిటికీలో నుంచి వాణ్ణే చూస్తున్నాను.

చెంబు ఎత్తిన చెయ్యి గాల్లో ఆగింది.

నాకు తెలిసిపోయింది. పరుగెత్తాల్సిన దాన్ని, నిలబడి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఐదు అయింది. తిరిగి రాలేదు. ఆరు. ఏడు. చెయ్యి బిగుసుకుంది. ఎనిమిది. చెంబు రాయి మీద పడి మోగింది. తొమ్మిది అనేసరికి వాడి తల నీళ్ళలోకి వెళ్ళింది.

చెంబు చప్పుడుకు తిరిగిన మా అత్త వాడి కాళ్ళు పట్టుకుని బయటకు లాగింది. నేను వెళ్ళేసరికి బండల మీద కొట్టుకుంటున్నాడు. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. పక్కకు తిప్పాను. నీళ్ళు కక్కాడు. ఈసారి గడియారం చూడటం గుర్తు రాలేదు. కారంపూడిలో ఇంజెక్షన్ చేసి, అంబులెన్సులో నరసరావుపేటకు, అదే ఆసుపత్రికి పంపారు.

"నేనే చూడలేదయ్యా," అని మా అత్త అంబులెన్సు డ్రైవరుతో మొదలుపెట్టింది. "జారి గాబులో పడ్డాడు. నీళ్ళు మింగేసరికి పిట్స్ వచ్చినయ్యి. ముసల్ముండని, పక్కనే ఉండి కూడా చూడలా." వార్డు ఆయాకు అదే చెప్పింది. పలకరించిన ప్రతివాళ్ళకూ అదే చెప్పింది. ఆమె చెప్పినట్టే కాగితంలోనూ రాసుకున్నారు.

రెండు రోజులు ఆమె వార్డు గుమ్మం దగ్గర నేల మీదే కూర్చుంది. పక్క మంచం మీద ముప్పాళ్ళ నుంచి వచ్చిన ఒకావిడ బిడ్డకు న్యుమోనియా. ఆవిడ తన క్యారియర్ గిన్నెలో పెరుగన్నం పెట్టి మా అత్త ముందుంచింది. "తిను పిన్నీ. నువ్వు కావాలని తోశావా ఏంది? మా పెద్దోడు బోరు గుంటలో పడితే మా అత్త కూడా ఇట్టాగే కూర్చుంది. కాస్త తిను," అంది. మా అత్త రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. ఆ ఓదార్పు మా అత్తకు అక్కర్లేనిదని ఆ వార్డులో నాకు ఒక్కదానికే తెలుసు.

మా ఆయన ఒరిస్సాలో ఉన్నాడు. లోడు దించి బయల్దేరేముందు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టి మా అత్త ముందు పట్టుకున్నాను.

"ఒక్క పిల్లోణ్ణి చూసుకోలేవా నువ్వు? చేసే పనేంది ఇంట్లో? నా కొడుక్కి ఏమన్నా అయితే నేనొచ్చేసరికి ఇంట్లో ఉండబాక!"

"సరే నాయనా," అంది మా అత్త. "నువ్వు నిదానంగా తోలుకుంటా రా."

ఫోన్ నా చేతిలోనే ఉంది. ఒక్క మాట అంటే చాలు. నేను సౌండు తగ్గించాను. నేను చేసిందల్లా అదే.

మూడో రోజు ఉదయం ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. నా వయసే ఉంటుంది. చేతిలో జూలై నాటి కాగితాలు కూడా ఉన్నాయి.

"పెద్దమ్మా, ఒక్క సంగతి నాకు సరిగ్గా కావాలి. ముందు పడ్డాడా, ముందు ఫిట్స్ వచ్చాయా?"

"ముందు పడ్డాడమ్మా. నేనే చూడలా."

"చూడలేదంటున్నారుగా. మరి ముందు పడ్డాడని ఎట్లా తెలుసు?"

రెండు రోజులుగా మా అత్త నెత్తిన మోస్తున్న నేరాన్ని ఆ పిల్ల ఒక్క మాటతో కదిలించింది.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మీరెక్కడున్నారండీ?"

"వంటింట్లో," అన్నాను. అది నిజమే. కిటికీ సంగతి చెప్పలేదు.

ఆమె కాసేపు కాగితాలు తిరగేసింది. "నీళ్ళలో పడి ఊపిరాడక వస్తే అది ఒక దారి. ముందే ఫిట్స్ వచ్చి పడితే వేరే దారి. అప్పుడు ఇంటికి పంపేముందే మందు మొదలుపెట్టాలి. లేకపోతే మళ్ళీ ఏ గాబు దగ్గరో, ఏ మెట్ల మీదో," అని ఆపేసింది. తర్వాత మా అత్తతో, "పెద్దమ్మా, బాబుని ఎత్తుకెళ్ళి కింద బరువు చూపించుకు రండి," అంది. బరువు పొద్దున్నే చూశారు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆమె స్టూలు లాక్కుని నాకు ఎదురుగా కూర్చుంది. ఇంట్లో ఎవరికన్నా ఉందా అని అడగలేదు.

"వచ్చినప్పుడు మీరేం చేశారో ఒక్కొక్కటే చెప్పండి."

పక్కకు తిప్పాను, మొలతాడు వదులు చేశాను, నోట్లో ఏమీ పెట్టనివ్వలేదు, మొదటిసారి టైము కూడా చూశాను అని చెప్పాను.

"తాళాలు పెట్టలేదా?"

"లేదండీ."

"మా దగ్గరకొచ్చే పిల్లల చేతుల్లో తాళాలగుత్తి గుర్తులే ఉంటాయండీ. మీకు ఇవన్నీ ఎవరు నేర్పారు?"

"మా నాన్న."

"ఎవరి కోసం?"

ముప్పాళ్ళ ఆవిడ బిడ్డ దగ్గుతోంది. ఆవిడ వీపు నిమురుతూ మా వైపు చూడకుండా అటు తిరిగి కూర్చుంది.

"నా కోసం," అన్నాను.

తర్వాత ఏదీ ఆపుకోలేదు. ఎనిమిదేళ్ళు, పదహారేళ్ళు, మాత్రల పేరు, ఆగస్టులో నాలుగుసార్లు, గాబు, కిటికీ. ఆమె ఎక్కడా "ఎందుకు చెప్పలేదు" అనలేదు. జూలై కాగితంలో ఆ అడ్డగీత పక్కన ఏదో రాసింది.

"చెయ్యి ఆగిన దగ్గర్నుంచి పడేదాకా ఎంతసేపు?"

"తొమ్మిది."

"సెకన్లా?"

"నేను లెక్కపెట్టాను."

ఆమె పెన్ను ఆగింది. తల ఎత్తి నన్ను చూసింది. మళ్ళీ వంగి తొమ్మిది అని రాసుకుంది.

నేను కళ్ళు తుడుచుకుని చూసేసరికి మా అత్త గుమ్మంలో ఉంది. బాబు ఆమె భుజం మీద నిద్రపోతున్నాడు. ఎప్పటి నుంచి అక్కడ ఉందో తెలియదు.

"పదకొండున్నర కిలోలంట," అని చీటీ డాక్టరమ్మకు ఇచ్చింది.

తలకు వైర్లు పెట్టి ఒక పరీక్ష చేశారు. ఆ రోజే సిరప్పు మొదలుపెట్టారు. సాయంత్రానికి మా ఆయన వచ్చాడు. మెట్ల దగ్గర నిలబెట్టి అంతా చెప్పాను. చాలాసేపు లారీ తాళాలు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. పెళ్ళికి ముందు దాచినందుకు ఒక్క మాట కూడా అనలేదు. "మా అమ్మని నేను అన్న మాటలు నువ్వు విన్నావుగా," అన్నాడు. "ఫోన్ పట్టుకుంది నువ్వేగా." లేచి లోపలికి వెళ్ళి వాళ్ళమ్మ పక్కన నేల మీద కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక మా అత్త నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. పనులు మాత్రం అన్నీ చేసింది. వడ్రంగిని పిలిపించి గాబుకు చెక్కమూత చేయించింది. సిరప్పు టైముకు సీసా, మూత తెచ్చి నా ముందు పెట్టేది. పదో రోజు పొద్దున కరివేపాకు దూస్తూ, ఆకుతో అన్నట్టుగా అడిగింది.

"నీకు ఎన్నేళ్ళకి ఆగినయ్యి?"

"పదహారుకత్తా."

"మాత్రలు సరిగ్గా మింగావా?"

"ఒక్కపూట కూడా మానలేదు."

"అయితే ఈడికీ ఆగుతయ్యి," అంది. అంతకుమించి ఆ సంగతి మా మధ్య ఇంతవరకూ రాలేదు.

ఇది చదివే తల్లులకు చెప్పాలనుకున్నది చిన్నదే. పిల్లలకు ఫిట్స్ వస్తే తాళాలు, చెంచాలు పక్కన పడేయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి టైము చూడండి. ఐదు నిమిషాలకు ఆగకపోతే ఎత్తుకుని పరుగెత్తండి. బల్ల దగ్గర అందరిముందు చెప్పలేని సంగతి ఏదైనా ఉంటే, "మీతో ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి" అని డాక్టరును అడగండి. అడగవచ్చని నాకు తెలియదు. అడిగితే కాదనేవాళ్ళు కాదని ఇప్పుడు తెలుసు.

మొన్న డిసెంబరు మొదటి వారంలో మళ్ళీ చూపించడానికి వెళ్ళాం. వరండా నిండా మనుషులు. బల్ల దగ్గర కొత్త నర్సు. కొత్తవాళ్ళు ఎప్పుడూ మొదటి నుంచి అడుగుతారు. ఏ వయసులో మొదలైంది, ఎన్నిసార్లు వచ్చింది, ఏ మందు వాడుతున్నారు. అన్నీ చెప్పాను.

"ఇంట్లో ఎవరికన్నా ఉన్నాయా?"

నేను గొంతు సవరించుకునేలోపే మా అత్త అందుకుంది. గొంతు ఏమాత్రం తగ్గించలేదు. "ఈడి అమ్మకున్నయ్యి. ఎనిమిదేళ్ళకొచ్చి పదహారుకి పోయినయ్యి. రాసుకోమ్మా."

కుర్చీల్లో తలలన్నీ నా వైపు తిరిగాయి. నర్సు రాసుకుంది. పేజీ తిప్పి వేలితో వరస వెతుక్కుంది.

"రెండోసారి వచ్చినప్పుడు నీళ్ళలో పడ్డాడని ఉంది. ముందు పడ్డాడా, ముందు ఫిట్స్ వచ్చాయా?"

మా అత్త బాబును ఒళ్ళో సర్దుకుంది. వాడి చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టింది. నా వైపు చూడలేదు.

"అది ఆమెనడుగమ్మా," అంది. "చూసింది ఆమె."

నేను కిటికీ దగ్గర నుంచి మొదలుపెట్టాను.